వేరు బుడిపెల గుట్టు విప్పిన బైజరింక్

వేరుశనగ మొక్కను పీకినప్పుడు వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. అవి పురుగు గుడ్లా, తెగులా అని మా బడి పిల్లలు అడుగుతుంటారు. ఆ బుడిపెలలో నివసించే బాక్టీరియాను మొట్టమొదట విడదీసి, విడిగా పెంచి చూపిన శాస్త్రవేత్త మార్టినస్ బైజరింక్.

ఆయన 1851 మార్చి 16న హాలెండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి చేసిన పొగాకు వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఇబ్బందుల పాలైంది. అయినను చదువు విడువక 1877లో లైడెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. వాహెనింగెన్ వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పి, 1885లో డెల్ఫ్ట్ పట్టణంలోని ఈస్టు కర్మాగారంలో చేరారు.

పప్పుజాతి పైరు వేసిన నేల మరుసటి పంటకు బలమిస్తుందని రైతులు ఎన్నో తరాలుగా ఎరుగుదురు. కారణం మాత్రం తెలియదు. బుడిపెలున్న మొక్క గాలిలోని నత్రజనిని వాడుకొంటుందని 1886లో జర్మనీలో హెల్రీగెల్ వెల్లడించారు. ఆ పని వెనుకనున్న బాక్టీరియాను 1888లో బైజరింక్ పట్టి చూపారు. మొక్క దానికి ఆహారమిస్తుంది; అది మొక్కకు నత్రజని ఇస్తుంది. ఆ బాక్టీరియానే నేడు రైజోబియం అంటున్నాము.

1895లో ఆయన డెల్ఫ్ట్‌లో ఆచార్యులయ్యారు. పొగాకు ఆకులకు మచ్చలు తెచ్చే తెగులుకు కారణం బాక్టీరియా కాదని, అంతకంటె సూక్ష్మమైన వైరస్ అని 1898లో తెలిపారు. ఏ మొక్కనూ ఆశ్రయించక నేలలోనే నత్రజనిని స్థిరీకరించే అజటోబాక్టర్‌ను 1901లో వర్ణించారు. వివాహం చేసుకొనలేదు. శిష్యుల పట్ల కఠినంగా ఉండేవారు. 1921లో పదవీ విరమణ చేసి, 1931 జనవరి 1న కన్నుమూశారు.

ఆయన కనుగొన్న జీవి నేడు కల్చరు పొట్లాలలో మన ఊళ్ళకు వస్తున్నది. యూరియా ఎండకు చావదు, ఇది చస్తుంది. కాబట్టి పొట్లాన్ని నీడలో ఉంచాలి, గడువు తేదీ చూడాలి. పలుచని బెల్లపు నీటితో విత్తనాలకు పట్టించి, నీడలోనే ఆరబెట్టి, వెంటనే విత్తుకోవాలి. తెగుళ్ళ మందు పట్టించదలిస్తే అది ముందు, కల్చరు చివర.

పైరు పూతకు వచ్చినప్పుడు ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే ఆ జీవి మీకోసం పనిచేస్తున్నదని అర్థం. పిల్లలకు కూడా చూపించండి.