యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులైరి. అందువలన పెద్దపట్టము దక్కక ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

1921లో వారి సోదరు లిద్దరు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. అది తిన్న ఆహారమును ఒంటబట్టనీయని వ్యాధి. దానికి మందు కనుగొనవలెనని సుబ్బారావుగారు నిశ్చయించుకొనిరి. భార్యను స్వదేశముననే విడిచి అమెరికా కేగి, రాత్రులు ఆసుపత్రిలో కాయకష్టము చేయుచు హార్వర్డులో చదివిరి. మరల వారు స్వదేశమును చూడలేదు.

తిన్న ఆహారము శరీరమునకు ఉపకరించుటకు ఎంజైములు కావలెను. అనంతపురము మెట్టసీమలో రాగిసంగటి నిత్యాహారము. ఆ ముద్దను చాలసేపు నమిలినచో ఇంచుక తీపి తోచును. లాలాజలములోని ఎంజైము పిండిని చక్కెరగా మార్చుటయే దీనికి కారణము. ఎంజైము పని జరిపించును గాని తాను తరిగిపోదు. కావుననే కొంచెమైనను చాలును. అతివేడికి అది చెడిపోవును. బీగమునకు తన చెవియే పట్టునట్లు, ఒక్కొక్క ఎంజైమునకు దానికి తగిన పదార్థమే పొసగును.

సుబ్బారావుగారు ఫిస్కె అను ఆచార్యునితో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. దాని సాయమున 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అను పదార్థములను కండరములందు గుర్తించిరి. ఎంజైములు వీనిని విడగొట్టినప్పుడే కండరములకు శక్తి కలుగును.

1940లో వారు లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు మేలు చేసెను. అప్పటికి సోదరులు మరణించి ఇరువది నాలుగేండ్లు గడచెను.

జీవకణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దాని రూపమును కొంచెము మార్చి ఆ బృందము అమినాప్టెరిన్ అను మందును చేసెను. బీగములో దూరియు తిరుగని చెవివలె, అది ఎంజైములో కుదురుకొని పని సాగనీయదని తరువాత తెలియవచ్చెను. బోస్టనులో ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుగల పిల్లలకు దీనిని ఇచ్చెను. వారిలో కొందరికి కొంతకాలము ఉపశమనము కలిగినట్లు 1948లో ప్రకటించెను. దానికి దగ్గరిదైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడబడుచున్నది.

ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున కన్నుమూసిరి. తన సోదరులను కాపాడుకొనలేని ఆయన, తానెన్నడు చూడని బిడ్డలకు ప్రాణాధారమైన మార్గమును చూపిరి.