ఎలక్ట్రానిక్స్ సారథి డాక్టర్ ఎ.ఎస్.రావు

విజ్ఞానం ప్రయోగశాల గడప దాటి ప్రజాజీవితంలో అడుగిడినప్పుడే సార్థకమవుతుంది. ఈ సత్యాన్ని తన కృషితో నిరూపించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ఎ.ఎస్.రావుగా ప్రసిద్ధులైన ఆయన 1914 సెప్టెంబరు 20న నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే కొంతకాలం అధ్యాపకులుగా పనిచేశారు. 1946లో టాటా ఉపకారవేతనంతో అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు అభ్యసించారు.

స్వదేశానికి తిరిగివచ్చి, హోమీ భాభా నాయకత్వాన సాగుతున్న అణుశక్తి పరిశోధనలో పాలుపంచుకొన్నారు. భారతదేశపు తొలి అణు రియాక్టర్ 'అప్సర' 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయనారంభించింది. దాని ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం రావుగారి నేతృత్వంలోని మన ఎలక్ట్రానిక్స్ నిపుణులే నిర్మించారు.

రియాక్టర్ గర్భాన్ని మనిషి చేతితో తాకలేడు. దూరాన ఉన్న నియంత్రణ గది నుండి పంపిన ఆదేశమే అక్కడ చేయిగా పనిచేయాలి. న్యూట్రాన్ల తీవ్రతను కొలిచే సాధనం నుండి అతి స్వల్పమైన విద్యుత్ప్రవాహం వెలువడుతుంది. దానిని పెంపుచేసి, అనుమతించిన హద్దుతో పోల్చుతారు. హద్దు మీరితే కడ్డీలు గర్భంలోకి దిగి చర్యను ఆపివేస్తాయి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తప్పినా ముప్పు వాటిల్లుతుంది. కనుక ఆదేశాన్ని అందుకోవడమే కాదు, అది తగిన సమయంలో వచ్చినదా అని సరిచూసి, అమలుపరచి, ఫలితాన్ని తిరిగి తెలపడం కూడా పరికరం బాధ్యతే.

ఇటువంటి పరికరాల కోసం పరదేశాలపై ఆధారపడరాదన్నది రావుగారి దృఢసంకల్పం. 1963లో ఏర్పడిన భాభా ఎలక్ట్రానిక్స్ సంఘంలో ఆయన సభ్యులు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఆవిర్భవించింది. ఆయన దానికి తొలి సారథి అయ్యారు. అణుశక్తి పరికరాలతో మొదలైన ఆ సంస్థ కంప్యూటర్లను, టెలివిజన్లను కూడా తయారుచేసింది.

ఆ సంస్థ రూపొందించిన వాటిలో ప్రజలకు అత్యంత సన్నిహితమైనది ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి వినియోగించిన ఈ యంత్రం 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా వ్యాపించింది. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా పోలింగు కేంద్రంలో దాని పనితీరు ఒక్కటే. అధికారి కంట్రోల్ యూనిట్‌పై మీట నొక్కగానే, తీగ ద్వారా ఆదేశం బ్యాలెట్ యూనిట్‌కు చేరుతుంది. అప్పుడు ఓటరు ఒక్కసారి మాత్రమే ఓటు వేయగలడు. ఓటు నమోదైనట్లు శబ్దం వినిపిస్తుంది. మళ్లీ అధికారి అనుమతించేదాకా ఎన్నిసార్లు మీట నొక్కినా యంత్రం స్వీకరించదు. రియాక్టర్‌లో ప్రాణరక్షణకు ఉపకరించిన క్రమశిక్షణయే ఇక్కడ ఓటుహక్కుకు కాపలాగా నిలిచింది.

రావుగారు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ అందుకొన్నారు. 2003లో కీర్తిశేషులయ్యారు. హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరును నిత్యస్మరణీయం చేస్తోంది. ఆదేశించే అధికారం కన్న, ఆదేశాన్ని విచక్షణతో పాటించే నియమమే గొప్పదని ఆయన నిర్మించిన పరికరాలు విద్యార్థులకు నేటికీ బోధిస్తున్నాయి.