తరుచ్ఛాయల పాఠశాల

రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో కలకత్తాలో జన్మించాడు. నాలుగు గోడల నడుమ సాగే చదువు బాల్యంలోనే ఆయనకు చెరసాలవలె తోచింది. ఆ వేదనే 1901లో శాంతినికేతనంలో ఐదుగురు విద్యార్థులతో పాఠశాల నెలకొల్పడానికి హేతువైంది. అక్కడ తరుచ్ఛాయలే తరగతి గదులు. గాలి, వెలుతురు ప్రకృతి ప్రసాదాలు. పాఠశాల పోషణకై భార్య మృణాళినీదేవి తన ఆభరణాలను సమర్పించింది. పూరీలోని సొంత ఇల్లు సైతం అమ్ముడుపోయింది. 1902లో ఆమె మరణించినా ఆయన సంకల్పం చలించలేదు. 1928లో అక్కడ వృక్షారోపణ ఉత్సవాన్ని ప్రారంభించాడు. 1935లో, వేడిని అడ్డుకొనేందుకు కుండలు పొదిగిన మట్టిగోడలతో, మట్టి పైకప్పుతో శ్యామలి గృహాన్ని నిర్మింపజేసి, అందులోనే నివసించాడు. గ్రామీణులకు అందుబాటులో ఉండే గృహానికి అది నమూనా కావాలన్నది ఆయన ఆశయం. 1941లో ఆయన పరమపదించాడు. భవనం ప్రకృతిని అడ్డగించరాదనీ, దానితో మైత్రి నెరపాలనీ ఆయన జీవితం బోధిస్తున్నది.