అతీంద్రియ జ్ఞాన పరీక్షకుడు జోసఫ్ బ్యాంక్స్ రైన్

ఇంద్రియ సన్నికర్షం లేకుండా జ్ఞానం సంభవిస్తుందా అన్న ప్రశ్న మన దర్శనాలకు కొత్త కాదు. నైయాయికులు యోగజ ప్రత్యక్షాన్ని అంగీకరించారు, మీమాంసకులు నిరాకరించారు, పతంజలి విభూతిపాదంలో పరచిత్తజ్ఞానాన్ని పేర్కొన్నాడు. ఈ వివాదాన్ని ఇరవయ్యవ శతాబ్దంలో విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో నిలిపినవారిలో అగ్రగణ్యుడు జోసఫ్ బ్యాంక్స్ రైన్.

రైన్ 1895లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. షికాగో విశ్వవిద్యాలయం నుండి 1925లో వృక్షశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆయన సహధర్మచారిణి లూయీసా కూడా ఆ శాస్త్రంలోనే డాక్టరేటు పొందిన విదుషి. ప్రాణమూ, చైతన్యమూ కేవలం భౌతిక రసాయనిక చర్యలేనా అన్న సంశయం ఆ దంపతులను మనోవిజ్ఞానం వైపు మరల్చింది. 1926లో బోస్టన్‌లో ఒక ప్రసిద్ధ ప్రేతావాహకురాలి గోష్ఠికి హాజరై, అది వంచన అని రైన్ నిర్మొహమాటంగా ప్రకటించారు. మరుసటి ఏడు మెక్‌డూగల్ పండితుని ఆశ్రయంలో డ్యూక్ విశ్వవిద్యాలయం చేరారు.

అక్కడ ఆయన అవలంబించిన పద్ధతి సరళమైనది. వృత్తం, చతురస్రం, నక్షత్రం, కూడిక గుర్తు, అలలు అనే ఐదు చిహ్నాలు ఒక్కొక్కటి ఐదేసి చొప్పున 25 చీట్లు. యాదృచ్ఛికంగా ఊహిస్తే సగటున ఐదు సరిపోవాలి. 1933-34లో పియర్స్ అనే విద్యార్థి వేరొక భవనంలో కూర్చుండి చేసిన 1850 ఊహలలో, 370 సరిపోవలసిన చోట 558 సరిపోయాయని నమోదైంది. 1934లో వెలువడిన గ్రంథం రైన్‌కు లోకఖ్యాతి తెచ్చింది. దూరం పెరిగినా ఫలితం నియమబద్ధంగా తగ్గలేదు గనుక ఈ శక్తి కాంతివంటి భౌతిక తరంగం కాజాలదని ఆయన నిశ్చయించారు.

ఆక్షేపణలు బలమైనవే. పియర్స్‌పై పర్యవేక్షణ లేనందున మోసానికి అవకాశం ఉన్నదని హాన్సెల్ చూపారు. ఇతరుల ప్రయోగాలలో ఆ ఫలితాలు నిలకడగా పునరావృతం కాలేదు. 1974లో తన సంస్థలోనే ఒక ముఖ్య సహచరుడు లెక్కలు తారుమారు చేసినట్లు తేలగా, రైన్ ఆ విషయాన్ని దాచక ప్రకటించారు. 1980లో ఆయన పరమపదించారు.

ఆయన ప్రభావం ఆంధ్రదేశానికీ సోకింది. డ్యూక్‌లో రైన్ సన్నిధిలో పరిశోధించిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు కృషితో 1967లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖ వెలసింది. అనంతరం రామకృష్ణారావు రైన్ నెలకొల్పిన పరిశోధన సంస్థకు నాయకత్వం వహించారు.

ప్రాచ్య విద్యార్థులు ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. రైన్ మనస్సును భౌతికేతరమని నిరూపింపదలచారు. సాంఖ్యయోగాలలో మనస్సు ప్రకృతి పరిణామమే, పురుషుడొక్కడే చేతనుడు. కావున చీట్ల లెక్క నెగ్గినా పురుషుడు సిద్ధింపడు, ఓడినా సూత్రం వీగిపోదు. సిద్ధులు సమాధికి విఘ్నాలని పతంజలియే హెచ్చరించాడు. శాస్త్రప్రామాణ్యాన్ని ప్రయోగశాల ధ్రువపత్రంతో సమర్థింపబూనడం ఉభయులకూ అన్యాయం. సంశయించినదాన్ని పరీక్షకు పెట్టడం, దోషం కనబడితే వెల్లడించడం అన్నవే రైన్ జీవితం నుండి మనం స్వీకరింపదగినవి.