రవీంద్రుని తొలి గురువు

బిడ్డను కాపాడుకొనవలెనను కోరిక ప్రతి తండ్రికిని ఉండును. బిడ్డ తొట్రుపడవచ్చునని తెలిసియు, వానిని తన కాళ్లపై నడువనిచ్చు ఓర్పు కొందరికే ఉండును. మహర్షి దేవేంద్రనాథ ఠాగూరు అట్టి తండ్రి. ఆయన వద్ద నేర్చిన పాఠములే రవీంద్రుని జీవితమున కడవరకు నిలిచినవి.

దేవేంద్రనాథుడు 1817లో జన్మించెను. ఆయన తండ్రి ద్వారకానాథుడు గొప్ప సంపన్నుడు. 1846లో ద్వారకానాథుడు లండనులో మరణించెను. కొలది కాలమునకే కుటుంబ వ్యాపారము కూలిపోయి, ఋణభారమంతయు కుమారుని తలపై బడెను. ఆస్తిలో కొంత ధర్మకర్తల అధీనమున నుండుటచే ఋణదాతలు దానిని ముట్టుటకు వీలులేదు. అయినను దేవేంద్రనాథుడు ఆ చాటున దాగలేదు. మితముగా జీవించుచు, ఏండ్ల తరబడి శ్రమించి బాకీలు తీర్చెను. బ్రహ్మసమాజమునకు నాయకుడై మహర్షి యని పేరొందెను.

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలోని జొరాసంకో గృహమున జన్మించెను. తండ్రి తరచు దేశసంచారమునందుండుటచే బాలుడు సేవకుల కావలిలో పెరిగెను. ఒక సేవకుడు సుద్దతో చుట్టును గిరి గీసి, దానిని దాటినచో ప్రమాదమని బెదిరించెడివాడు. సీతమ్మ కథ వినియున్న బాలుడు ఆ గిరిలోనే భయముతో కూర్చుండెడివాడు.

1873లో ఉపనయనము జరిగెను. గుండుతో పాఠశాలకు పోవుటెట్లని దిగులుపడుచున్న బాలుని తండ్రి పిలిచి, తనతో హిమాలయములకు వచ్చెదవా యని అడిగెను. మొదట బోల్పూరు సమీపముననున్న శాంతినికేతనమున దిగిరి. అక్కడ బాలునికి గిరి లేదు. వాగుల వెంట ఒంటరిగా తిరిగి రంగురంగుల రాళ్లను ఏరితెచ్చినచో తండ్రి మెచ్చుకొనెడివాడు. బిచ్చగాండ్రకు ఇచ్చుటకై చిల్లర డబ్బులిచ్చి లెక్క చెప్పుమనెను. విలువగల గడియారమునకు కీ యిచ్చు పనిని కూడ అప్పగించెను. లెక్క కుదరలేదు, మితిమీరి కీ యిచ్చుటచే గడియారము మరమ్మతునకు పోయెను. అయినను తండ్రి కోపగించలేదు. పని పాడగునని యెఱిగియే ఆయన దానిని బాలుని చేతికిచ్చెను.

సత్యము విషయమున మాత్రము ఆయన రవంతయు సడలలేదు. రైలు ప్రయాణమున బాలుని వయస్సు పండ్రెండేండ్లకు మించినదని అధికారి అనుమానించి పూర్తి చార్జీ అడిగెను. బాలునికి అంత వయస్సు లేదు. తండ్రి మారుమాటాడక నోటు తీసి యిచ్చెను. తిరిగివచ్చిన చిల్లరను ప్లాటుఫారముపై విసరివేసెను. డబ్బు కొఱకు తాను అసత్యమాడునని ఒకరు తలచుటయే ఆయనకు సహింపరానిదయ్యెను. బాలుడు ఆ దృశ్యమును జన్మమంతయు మరువలేదు.

డల్హౌసీ కొండపై తెల్లవారకమునుపే సంస్కృత శబ్దముల వల్లె, పిదప ఉపనిషత్పఠనము, వణకించు చన్నీటి స్నానము నిత్యనియమములు. అవి ముగిసిన పిమ్మట బాలుడు చేతికఱ్ఱతో ఒంటరిగా కొండలెక్కినను అడ్డుచెప్పువారు లేరు. నియమము, స్వేచ్ఛ రెండును ఆ తండ్రి యొద్ద కలిసియే యుండెను.

వృద్ధాప్యమున మహర్షి కొంతకాలము కలకత్తాలోని పార్కు వీధిలో నివసించెను. చూపు మందగించుటచే కాగితములు చదువలేకుండెను. ప్రతి నెల రెండవ, మూడవ తేదీలలో రవీంద్రుడు జమీందారీ లెక్కలు చదివి వినిపించెడివాడు. తండ్రికి శ్రమ కలుగునని చిక్కు పద్దులను దాటవేసినచో, ఆయన సరిగా అచ్చటనే ఆపి ప్రశ్నించెడివాడు. ఆ రెండు దినములును కుమారునికి పరీక్షా దినములు. కన్నులు సన్నగిల్లినను ఆ వృద్ధుని మనస్సు ఏ అంకెను జారనీయలేదు.

అప్పటికి ఆది బ్రహ్మసమాజమున బ్రాహ్మణులే ఉపాసన నడుపుచుండిరి. అది తగదని రవీంద్రుడు తండ్రితో నిస్సంకోచముగా చెప్పెను. ఆయన కోపింపక, చేతనైనచో మార్చుమని అధికారమిచ్చెను. అధికారము చేతికి వచ్చిన పిదప, తగిన మనుష్యులు దొరకక, రవీంద్రుడు ఆ పని సాధింపలేకపోయెను. లోపమును చూపుట వేరు, దానిని సరిదిద్దుట వేరు. ఈ పాఠమును తండ్రి నోటితో చెప్పలేదు. కుమారుడు స్వయముగా తెలిసికొనుటకు తావిచ్చెను.

బాల్యమున కుమారుడు వ్రాసిన భక్తిగీతమును గూర్చి విని నవ్విన తండ్రియే, చిన్సురాలో అతని మాఘోత్సవ గీతములను పాడించుకొని వినెను. దేశమునేలు రాజునకు ఈ భాష తెలియనిచో కవిని సన్మానింపవలసిన భారము తనదేయని పలికి, అయిదువందల రూపాయల చెక్కు నిచ్చెను.

1901లో తండ్రి సమ్మతితో రవీంద్రుడు శాంతినికేతనమున పాఠశాల నెలకొల్పెను. అచ్చటి బాలురు చెట్లనీడన చదివిరి, ఆరుబయట తిరిగిరి. గిరిలో కూర్చున్న బాల్యమును, దానిని చెరిపిన తండ్రిని రవీంద్రుడు మరువలేదనుటకు ఆ పాఠశాలయే సాక్షి. 1905 జనవరి 19న మహర్షి తన 88వ యేట కన్నుమూసెను.

మనము కూడ పిల్లల నెదుట నిత్యము సుద్దముక్క పట్టుకొని నిలుచువారమే. దానితో అక్షరము వ్రాయవచ్చును, గిరియు గీయవచ్చును. గిరి గీయుట సులభము. గడియారము పాడగునని తెలిసియు దానిని బాలుని చేతికిచ్చుటకు గుండె నిబ్బరము కావలెను.