వాయులీన విద్వన్మణి ద్వారం వేంకటస్వామినాయుడుగారు

పాశ్చాత్య దేశాలలో పియానో విద్వాంసునికి గల గౌరవం అందరూ ఎరిగినదే. మరొక తోడు లేకుండా ఒక్కడే వేదికపై కూర్చుండి, నిండుసభను తన వాద్యంతోనే అలరించడం అచ్చటి సంప్రదాయం. ఆ పియానో మన దేశానికి వచ్చినా మన కచేరీలలో స్థానం పొందలేదు. దాని స్వరస్థానాలు స్థిరమైనవి. ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారుతూ పలికే గమకం దానికి లొంగదు. ఫిడేలుకు మెట్లు లేవు గనుక గమకం దానికి సహజంగా అమరింది. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులు మొదలైనవారు దానిని కర్ణాటక సంగీతానికి అలవరచారు. అయితే చాలాకాలం ఆ వాద్యం గాయకుని ప్రక్కవాద్యంగానే ఉండిపోయింది. దానికి వేదికపై స్వతంత్ర ప్రతిపత్తి కల్పించిన మహనీయులలో అగ్రగణ్యులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించారు. పెరిగినది విశాఖపట్టణంలో. బాల్యంనుండి ఆయనకు చూపు మందం. నల్లబల్లపై వ్రాసిన అక్షరాలు కానరాని బాలునికి బడిచదువు ఎట్లు సాగుతుంది? చదువు మధ్యలోనే ఆగిపోయింది. కన్న బిడ్డకు విద్య అబ్బకపోతే ఏ కుటుంబానికైనా కలిగే దిగులు చిన్నది కాదు. అట్టి సమయంలో అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి ఫిడేలు నేర్పారు. కంటికి దొరకని విద్య చెవికీ చేతికీ దొరికింది. బాలుడు దానినే తపస్సుగా భావించి సాధన చేశాడు.

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతిగారు సంగీత కళాశాలను నెలకొల్పారు. సంస్థానోద్యోగి ఒకరి కుమారుడైన అంధబాలునికి సంగీతం నేర్పించవలెనన్న తలంపే దానికి బీజమని ప్రతీతి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. అప్పటికి ఇరువదియారేండ్లవాడైన నాయుడుగారు విద్యార్థిగా చేరడానికి అచ్చటికి వెళ్లారు. ఆయన వాదనం విన్న పెద్దలు విద్యార్థిగా కాదు, ఆచార్యునిగానే నియమించారు. 1936లో దాసుగారి తరువాత నాయుడుగారే కళాశాలాధ్యక్షులైనారు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు ఆ కళాశాలలో చదివినవారే.

నాయుడుగారి వాదనంలోని విశేషం కమాను. పొడవైన కమానుతో స్వరాన్ని తెగకుండా నడిపి, గాత్రం పలికినట్లే పలికించేవారు. పాశ్చాత్య విద్వాంసుల వాదనాన్ని కూడా శ్రద్ధతో విని, వారి నాదశుద్ధిలోని మంచిని గ్రహించారు. అయినా తమ సంగీతపు బాణీని విడువలేదు. పరదేశపు వాద్యాన్ని స్వీకరించి, దానిచేత మన రాగాన్ని పలికించడమే ఆయన సాధించిన ఘనకార్యం. మహావిద్వాంసులకు ప్రక్కవాద్యం వాయిస్తూనే, 1938లో వేలూరులో స్వతంత్రంగా ఫిడేలు కచేరీ చేశారు. ప్రక్కన కూర్చుండే వాద్యం నడుమకు వచ్చింది. విశ్వవిఖ్యాత విద్వాంసుడు యెహుది మెనూహిన్ నాయుడుగారి వాదనం విని ప్రశంసించారు.

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీత కళానిధి బిరుదంతో ఆయనను గౌరవించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1964 నవంబరు 25న నాయుడుగారు పరమపదించారు. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్లను విడుదల చేసింది.

బళ్ళారి సీమలోని మనకు ఈ జీవితం మరింత దగ్గరిది. నాయుడుగారు అకాడమీ పురస్కారమందుకొన్న 1953వ సంవత్సరంలోనే, అక్టోబరు 1న, మన జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, తక్కిన భాగం మైసూరుకు చేరాయి. ఎల్లలు మారినా ఇండ్లలో మాట మారలేదు. ఈ గడపలలో తెనుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి. కన్నడ సీమలో పుట్టి, తెలుగునాట పెరిగి, తమిళదేశపు సభలలో పేరు గాంచిన నాయుడుగారి నాదానికి ఏ ఎల్ల అడ్డు వచ్చింది?

ఉపాధ్యాయులు కూడా ఈ చరిత్రనుండి గ్రహించవలసిన దొకటి ఉన్నది. వెనుక బల్లపై కూర్చుండి పాఠం అందుకోలేని బాలుని మందమతి అని త్రోసివేయడం సులభం. వానికి కొరవడినది బుద్ధి కాదు, చూపు కావచ్చు. బడి నిలుపుకోలేకపోయిన ఒక బాలుడు కళాశాలకే అధ్యక్షుడైనాడు. అందుకు మొదటి కారణం, వాని చేతికి ఫిడేలు అందించిన అన్న. మన విద్యాలయంలో చేరే ప్రతి బిడ్డకూ అట్టి అన్న ఒకరు లభించుగాక!