చూపు లేని హ్యూబర్... పదకొండు రోజుల పరీక్ష

వేసవిలో కూలీ తేనెటీగ ఆరు వారాలు బతికితే గొప్ప. అదే పట్టులోని రాణి రోజుకు వందలకొద్దీ గుడ్లు పెడుతూ కూడా రెండు మూడేళ్లు ఉంటుంది. రెండూ వచ్చేది ఒకే రకం గుడ్డు నుంచి! చాలా కీటకాల్లో సంతానం ఎక్కువైతే ఆయుష్షు తగ్గుతుంది. గుంపుగా బతికే ఈగల దగ్గర లెక్క తిరగబడింది. ఈ గుట్టులో ఒక ముడిని రెండు వందల ఏళ్ల కిందటే విప్పినాయనకు కళ్లు కనిపించవంటే నమ్ముతారా?

ఫ్రాంస్వా హ్యూబర్ 1750లో జెనీవాలో పుట్టారు. పదిహేనేళ్ల వయసులోనే చూపు మందగించి, తర్వాత పూర్తిగా పోయింది. గుడ్డివాడికి పిల్లనివ్వనని మేరీ తండ్రి పట్టుబట్టినా, ఆమె మేజర్ అయ్యేదాకా ఆగి ఆయన్నే చేసుకుంది.

ఇంట్లో పనిచేసే బర్నెన్స్ ఆయనకు పుస్తకాలు చదివి వినిపించేవాడు. కుర్రాడి చురుకు చూసి హ్యూబర్ అతనికి పరిశీలన నేర్పారు. పుస్తకం పేజీల్లా తెరుచుకునే తేనెటీగల పెట్టె చేయించారు. ప్రశ్న ఆయనది, కళ్లు ఇతనివి.

ఓసారి రాణి లేని పెట్టెల్లోనూ గుడ్లు కనిపించాయి. ఎవరు పెడుతున్నట్టు? చిన్న రాణి ఏదైనా దాక్కుందా? బర్నెన్స్ రెండు పెట్టెల్లోని ఈగలన్నింటినీ ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని చూశాడు. పదకొండు రోజులు పట్టింది. (ఎన్ని కుట్లు తిన్నాడో!) రాణి దొరకలేదు, అన్నీ కూలీలే. రాణి లేకపోతే కొన్ని కూలీలు గుడ్లు పెట్టగలవని, వాటిలోంచి మగ ఈగలే వస్తాయని అలా తేలింది. రాణి జతకట్టేది పట్టు బయట, గాల్లో అని కూడా హ్యూబరే చూపించారు. జతకట్టడం మూడు వారాలు దాటితే ఆ రాణికి ఇక మగ ఈగలే పుడతాయి. ఇవన్నీ 1792లో పుస్తకంగా వచ్చాయి. అందులో బర్నెన్స్ పేరు దాచలేదు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

రాణి విడుదల చేసే రసాయనాలే కూలీల అండాశయాల్ని ఎదగనివ్వవని ఇప్పుడు మనకు తెలుసు. ఆయుష్షు కూడా పనిని బట్టి మారుతుంది. పిల్లల్ని సాకే పని పెద్దగా ఉండని చలికాలపు కూలీలు నెలల తరబడి బతుకుతాయి.

బర్నెన్స్ తర్వాత సొంతూరు వెళ్లి మెజిస్ట్రేట్ అయ్యాడు. అప్పట్నుంచి హ్యూబర్‌కు కళ్లు భార్య, కొడుకు పియర్. ఆ పియర్ 1810లో చీమల మీద పుస్తకం రాశాడు. హ్యూబర్ 1831లో లొజాన్‌లో కన్నుమూశారు.